పేరు లేని మోసానికి బల్లి పేరు: 'స్టెలియోనేట్' అనే న్యాయపదం పుట్టుక, అర్థాలు

సంక్షిప్తంగా: తనఖాలో ఉన్న ఆస్తిని ఆ సంగతి దాచి ఇంకొకరికి అమ్మడం, ఇత్తడిని పుత్తడిగా చూపి అప్పు తీసుకోవడం వంటి మోసాలను రోమన్ న్యాయవేత్తలు 'స్టెలియోనాటుస్' అన్నారు. ఇంగ్లీషులో అరుదుగా కనిపించే 'స్టెలియోనేట్' దాని రూపమే. ఒక బల్లి పేరు నుంచి పుట్టిన ఈ మాట ఫ్రాన్సులో ఒకే ఒక రకం ఆస్తి మోసానికి కుదించుకుపోయి చివరికి చట్టం నుంచి జారిపోయింది. బ్రెజిల్‌లో మాత్రం మోసం నేరానికంతటికీ అదే పేరు. భారత చట్టంలో ఈ పేరు లేదు కానీ, దాని కింద రోమన్లు చెప్పిన ఉదాహరణలకు సరిజోడు ఉదాహరణలు ఉన్నాయి.

తెలుగునాట ఎవరినైనా 'ఫోర్‌ట్వంటీ' అంటే ఆ మాటకు వివరణ అక్కర్లేదు. భారత శిక్షాస్మృతిలోని 420వ సెక్షన్ పేరు కోర్టు గుమ్మం దాటి వీధిలోకి వచ్చి, తిట్టుగా స్థిరపడిపోయింది. బ్రెజిల్‌లో ఇదే పని చేసే అంకె 171. అక్కడ 'ఉం సెచి ఉం', అంటే 'ఒకటి ఏడు ఒకటి' అంటే మాయగాడు, నమ్మించి ముంచేవాడు అని అర్థం. ఆ దేశపు శిక్షాస్మృతిలో 171వ అధికరణం పేరు 'ఎస్టెలియోనాతు'. మన 420కి చట్టం పెట్టిన పేరు 'చీటింగ్', మామూలు మాట. వాళ్ల 171కి ఉన్న పేరు మాత్రం రెండువేల ఏళ్ల కిందటి లాటిన్ బల్లి దగ్గర మొదలైంది. న్యాయ నిఘంటువుల్లో తప్ప ఇంగ్లీషులో దాదాపు ఎక్కడా కనబడని ఈ మాట, పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్‌లో పోలీసు స్టేషన్‌లో రోజూ వినబడే మాట కావడం వెనుక ఉన్న కారణాలను చూస్తే, చట్టం మోసాన్ని పట్టుకోవడానికి ఎన్ని దారులు తొక్కిందో తెలుస్తుంది.

బల్లి నుంచి నేరం దాకా

లాటిన్‌లో 'స్టెల్లా' అంటే నక్షత్రం. ఒంటిమీద చుక్కలున్న ఒక రకం బల్లిని రోమన్లు 'స్టెలియో' అనేవారు. అది గోడబల్లి జాతికి చెందినదని సాధారణంగా భావిస్తారు. తర్వాతి కాలంలో, 1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఇదే పేరును తూర్పు మధ్యధరా ప్రాంతంలో కనిపించే ఒక తొండకు పెట్టాడు. ఆ రెండూ ఒకటే అనుకోనక్కర్లేదు.

చుక్కల బల్లికి మోసంతో ముడి ఎలా పడింది? క్రీ.శ. 79లో మరణించిన రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి విజ్ఞాన గ్రంథంలో ఇందుకు ఒక జానపద విశ్వాసాన్ని కారణంగా చూపాడు. ఈ బల్లి పాములాగే కుబుసం విడుస్తుంది. ఆ కుబుసం మూర్ఛవ్యాధికి మందని అప్పటివారి నమ్మకం. అయితే బల్లి తాను విడిచిన కుబుసాన్ని మనిషికి దక్కనీయకుండా వెంటనే తానే తినేస్తుందట. మనిషి మీద ఇంత కపటంగా అసూయపడే జంతువు మరొకటి లేదని చెప్పుకుంటారనీ, అందుకే దాని పేరు తిట్టుగా మారిందనీ ప్లినీ రాశాడు. ఇక్కడ గమనించాల్సింది కపటం స్వరూపం. బల్లి ఎవరి సొమ్మూ ఎత్తుకుపోలేదు. ఎదుటివాడికి దక్కవలసినదాన్ని అతని కంటపడకుండా మాయం చేసింది. తనఖా సంగతి దాచి ఇల్లు అమ్మేవాడు చేసేదీ అదే.

మోసానికి బల్లినో తొండనో పోలిక తేవడం తెలుగుకూ కొత్త కాదు. పూటకో రంగు మార్చేవాణ్ని ఊసరవెల్లి అంటాం. 'తొండ ముదిరి ఊసరవెల్లి అయింది' అన్న సామెతలో చిన్న మాయ పెద్ద మాయగా ఎదగడం ఉంది. తేడా ఏమిటంటే, మన ఊసరవెల్లి సామెతల్లోనే ఉండిపోయింది, రోమన్ల బల్లి కోర్టు మెట్లెక్కింది.

చేపలు లేని తోట

ఆ కోర్టు ప్రయాణానికి ముందు మరో ఘట్టం ఉంది. క్రీ.పూ. 44లో రోమన్ వక్త, రాజనీతిజ్ఞుడు సిసిరో రాసిన ఒక కథ దానికి అద్దం పడుతుంది. కానియస్ అనే రోమన్ సంపన్నుడు విశ్రాంతి కోసం సిసిలీలోని సిరక్యూస్ నగరానికి వెళ్లి, సముద్రపు ఒడ్డున ఒక తోట కొనుక్కోవాలని ఉందని పదిమందికీ చెప్పాడు. పైథియస్ అనే వడ్డీవ్యాపారి అతన్ని తన తోటకు మర్నాడు భోజనానికి పిలిచి, ఈలోగా జాలరులందర్నీ పిలిపించి రేపు తన తోట ముందే వేట సాగించమని పురమాయించాడు. కానియస్ వచ్చేసరికి కళ్లెదుట పడవలే పడవలు. జాలరులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేపలు తెచ్చి పైథియస్ కాళ్ల ముందు పోస్తున్నారు. సిరక్యూస్‌లో దొరికే చేపలన్నీ ఇక్కడివేనన్నాడు పైథియస్. కానియస్ బతిమాలి, అడిగినంత ధర ఒప్పుకుని, సామానుతో సహా తోట కొన్నాడు. మర్నాడు స్నేహితులను పిలిచి తానూ తొందరగా వచ్చి చూస్తే ఒక్క తెడ్డు కూడా కనబడలేదు. ఇవాళ జాలరులకు పండుగా అని పొరుగువాణ్ని అడిగాడు. నాకు తెలిసి పండుగేమీ లేదు, ఇక్కడ ఎవరూ వేటాడరు, నిన్న ఏమైందా అని నేనే ఆశ్చర్యపోతున్నాను అన్నాడు ఆ పొరుగువాడు.

కానియస్ ఏం చేయగలడు? ఏమీ చేయలేడని సిసిరో సమాధానం. అమ్మకం సక్రమంగా జరిగింది, ధర ముట్టింది, ఒప్పందంలో చేపల ప్రస్తావన లేదు. మోసం జరిగిందని అందరికీ తెలుసు కానీ, దావా వేయడానికి రోమన్ న్యాయంలో తగిన నమూనా లేదు. అప్పట్లో రోములో ఒకడికి అన్యాయం జరిగితే సరిపోయేది కాదు, ఆ అన్యాయానికి ప్రేటర్ అనే న్యాయాధికారి ముందే ఇచ్చిన దావా నమూనా కూడా ఉండాలి. ఆ లోటు తీర్చినవాడు సిసిరో స్నేహితుడు, క్రీ.పూ. 66లో ప్రేటర్‌గా ఉన్న అక్విలియస్ గాలస్. దురుద్దేశంతో చేసిన కపటానికి, రోమన్ల మాటలో 'డోలుస్ మాలుస్'కు, దావా నమూనా రూపొందించాడు. కపటమంటే ఏమిటని అడిగితే, పైకి ఒకటి నటించి లోపల మరొకటి చేయడం అని ఆయన జవాబు. తర్వాత లాబియో అనే న్యాయవేత్త దీన్ని ఇంకా విప్పి, ఎదుటివాణ్ని బోల్తా కొట్టించడానికీ భ్రమపెట్టడానికీ వాడే ఏ జిత్తయినా, ఏ మాయయినా, ఏ పన్నాగమైనా డోలుస్ కిందికి వస్తుందన్నాడు.

ఈ దావాకు ఒక కట్టుబాటు ఉంది. మరే దావా అందుబాటులో లేనప్పుడే దీన్ని వేయాలి. ఎందుకంటే ఇందులో ఓడినవాడికి డబ్బు నష్టంతో పాటు 'ఇన్‌ఫామియా' అనే పరువు శిక్ష కూడా పడేది. ఇంత బరువైన ఆయుధాన్ని చివరి గత్యంతరంగానే వాడాలన్నది ఆలోచన. ఈ 'చివరి గత్యంతరం' అన్న లక్షణమే తర్వాత స్టెలియోనాటుస్‌కు వారసత్వంగా వచ్చింది.

ఉల్పియన్ విసిరిన వల

క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి అమల్లోకి తెచ్చిన, పాత న్యాయవేత్తల రచనల సంకలనమైన 'డైజెస్ట్'లో 47వ పుస్తకం, 20వ శీర్షిక పేరు 'స్టెలియోనాటుస్'. నాలుగు ఉటంకింపులు మాత్రమే ఉన్న చాలా చిన్న శీర్షిక అది. అందులో ముఖ్యమైనది ఉల్పియన్ మాట. క్రీ.శ. 223లో హత్యకు గురైన ఈ న్యాయవేత్త, ప్రాంతీయ పాలకుల విధుల గురించి రాస్తూ ఇలా అన్నాడు: కపటంతో ఏదైనా చేసినవారి మీద, వేరే నేరం ఏదీ మోపడానికి లేకపోతే, స్టెలియోనాటుస్ మోపవచ్చు, ప్రైవేటు వ్యాజ్యాల్లో డోలుస్ దావా ఏ పని చేస్తుందో నేరాల్లో ఇది ఆ పని చేస్తుంది, నేరానికి పేరు కరువైన ప్రతిచోటా దీన్ని మోపుతాం.

నేరానికి పేరు కరువైన చోట! ఈ వాక్యం దగ్గర కొంచెం ఆగడం అవసరం. దొంగతనం, దోపిడీ, ఫోర్జరీ, అబద్ధపు సాక్ష్యం, వీటన్నిటికీ ఎవరు ఏం చేస్తే ఆ నేరమవుతుందో ముందే నిర్ణయమై ఉంటుంది. స్టెలియోనాటుస్‌కు అలాంటి ఆకారం లేదు. మిగతా నేరాల మధ్య సందుల్లోంచి జారిపోయేవాటిని పట్టడానికి వేసిన వల అది. అందుకే ఈ నేరం ప్రజావ్యాజ్యాల్లోకీ రాదు, ప్రైవేటు దావాల్లోకీ రాదు అని అదే శీర్షికలో పాపినియన్ అనే మరో న్యాయవేత్త అన్నాడు. ఏ చట్టమూ దీన్ని నేరమని పేర్కొనలేదు కనుక చట్టం నిర్ణయించిన శిక్ష కూడా లేదు. పాలకుడు తన విచక్షణ మేరకు శిక్షించాలి. ఆ విచక్షణకు ఉల్పియన్ పైగీత గీశాడు: సామాన్యుడైతే శిక్ష గనుల్లో చాకిరీని మించకూడదు, పదవిలో ఉన్నవాడైతే కొంతకాలం బహిష్కారమో, హోదా నుంచి తొలగింపో. ఒకే మోసానికి మనిషి హోదాను బట్టి ఒకరికి గని, ఒకరికి దూరప్రాంత నివాసం. రోమన్ శిక్షాన్యాయంలో ఇది మామూలే అయినా, శిక్ష ముందే రాసిపెట్టి లేని నేరంలో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఆకారం లేదంటూనే ఉల్పియన్ ఉదాహరణలిచ్చాడు. మొదటిది, ముఖ్యమైనదిగా ఆయనే చెప్పినది: ఒకరికి తాకట్టులో ఉన్న వస్తువును ఆ సంగతి మరుగుపరచి ఇంకొకరికి అమ్మడం, మార్పిడి చేయడం, లేదా అప్పు కింద జమకట్టడం. ఆ తర్వాత సరుకు మార్చేయడం, తాకట్టు సరుకును దారి మళ్లించడం, పాడుచేయడం, ఒకరిని ముంచడానికి ఇంకొకరితో కుమ్మక్కు కావడం. తాకట్టు పెట్టిన వస్తువులు తనవేనని పత్రంలో ఒట్టుపెట్టి అబద్ధమాడినవాడు కూడా ఇదే నేరం కింద కొంతకాలం దేశబహిష్కృతుడవుతాడని ఇంకో న్యాయవేత్త మోడెస్టినుస్ కలిపాడు.

డైజెస్ట్‌లో మరోచోట, తాకట్టు వ్యవహారాల శీర్షికలో, ఉల్పియన్‌దే ఇంకో ఉదాహరణ ఉంది. బంగారమని చెప్పి కంచుజాతి లోహాన్ని తాకట్టు పెట్టినవాడి సంగతి అది. పుత్తడి, ఇత్తడి అన్న జంట తెలుగు చెవికి తెలిసినదే. నకిలీ నగలు కుదువపెట్టి అప్పు తీసుకున్న కేసులు ఇప్పటికీ వార్తల్లోకి వస్తూనే ఉంటాయి కనుక, ఆ పాత పేరాలోని మనిషి మనకు అపరిచితుడేమీ కాదు. అక్కడే ఒక సున్నితమైన మినహాయింపు కూడా ఉంది. ఒక ఆస్తి చాలా విలువైనదై, దానిమీద ముందున్న అప్పు చిన్నదైతే, ఆ సంగతి చెప్పకుండా రెండోసారి తాకట్టు పెట్టినా నేరం కాదన్నాడు ఉల్పియన్. రెండో అప్పిచ్చినవాడికీ ఆ ఆస్తిలోంచి డబ్బు రాబట్టుకునే వీలుంది కనుక అతను మోసపోయినట్టు కాదు. అంటే ఒట్టి అబద్ధం సరిపోదు, ఆ అబద్ధం వల్ల ఎదుటివాడు నిజంగా చిక్కుల్లో పడాలి. నేటి చట్టాల్లో మోసానికి 'నష్టం' అన్న షరతు పెట్టడానికి ఇది తొలి రూపాల్లో ఒకటి.

తనఖా మోసమే ముందు ఎందుకు నిలిచింది

ఇన్ని మోసాలుండగా దాచిన తాకట్టే ఈ నేరానికి ముఖచిత్రం కావడానికి కారణం రోమన్ తాకట్టు విధానంలో ఉంది. 'హైపోథెకా' అనే పద్ధతిలో ఆస్తి అప్పు తీసుకున్నవాడి స్వాధీనంలోనే ఉంటుంది, అప్పిచ్చినవాడికి దానిమీద హక్కు మాత్రమే ఏర్పడుతుంది. ఇల్లు వాడిదే, కాపురం వాడిదే, పొలం దున్నేది వాడే. బయటివాడికి ఆ ఇంటి మీద అప్పుందని తెలిసే దారి లేదు, ఎందుకంటే రోములో తనఖాలను నమోదు చేసే బహిరంగ పుస్తకం లేదు. కొనేవాడికి ఆధారం అమ్మేవాడి నోటి మాటే. నమోదు లేని చోట మాటకు అంత బరువు పడుతుంది, అందుకే ఆ మాట తప్పినవాణ్ని గనులకు పంపేంత కోపం చట్టానికి వచ్చింది.

అదే సామ్రాజ్యంలో మరో దారి తొక్కిన చోటు కూడా ఉంది. ఈజిప్టులో ఆస్తులకు దస్తావేజుల కార్యాలయాలుండేవి. క్రీ.శ. 89లో అక్కడి పాలకుడు మెటియస్ రూఫస్, ఆస్తిపరులంతా ఆరు నెలల్లోగా తమ ఆస్తులనూ, వాటి మీది తనఖాలనూ నమోదు చేయించాలని ఆదేశించాడు. వ్యవహారం చేసేవారు తెలియనితనం వల్ల వలలో పడకుండా ఉండేందుకే ఈ ఏర్పాటని ఆ ఆదేశంలోనే ఉంది. ఒక పపైరస్ మీద మిగిలి మన కాలానికి అందిన ఈ ఆదేశం స్టెలియోనేట్ చరిత్రకు సరైన జోడు. ఒకచోట మోసం జరిగాక శిక్ష, ఇంకోచోట మోసానికి చోటివ్వని చిట్టా. ఈ రెండు దారుల పోటీ ఆ తర్వాతి పద్దెనిమిది శతాబ్దాల పాటు సాగింది.

ఫ్రాన్సు: పేరు బిగిసింది, తర్వాత రాలిపోయింది

రోమన్ న్యాయాన్ని స్వీకరించిన యూరప్ దేశాల్లో ఫ్రాన్సు ఈ వలను కుదించి ఒకే మేకుకు తగిలించింది. 1804 నాటి సివిల్ కోడ్ 2059వ అధికరణం 'స్టెలియొనా' అంటే ఏమిటో ఖచ్చితంగా చెప్పింది: తనది కాదని తెలిసీ స్థిరాస్తిని అమ్మడం లేదా తనఖా పెట్టడం, తనఖాలో ఉన్న ఆస్తిని ఏ భారమూ లేనిదిగా చూపడం, ఉన్న తనఖాల కంటే తక్కువ చెప్పడం. అంతే. సరుకు మార్చడం, ఇత్తడిని బంగారమనడం వంటివి ఈ పేరు కిందికి రావు. వాటిలో మోసంగా శిక్షించదగినవాటికి 'ఎస్క్రొకరీ' అనే వేరే నేరం ఉంది.

ఫ్రాన్సులో ఇది శిక్షాస్మృతిలో కాక సివిల్ కోడ్‌లో ఉండటమే విశేషం. దీని ఫలితం 'కాంత్రేంత్ పార్ కోర్', అంటే బాకీ తీర్చేదాకా మనిషిని జైల్లో ఉంచడం. సివిల్ బాకీలకు ఈ పద్ధతిని 1667 నాటి రాజశాసనం చాలావరకు ఎత్తివేసినా స్టెలియొనాను మినహాయింపుగా ఉంచింది. 1804 కోడ్ కూడా డెబ్బయ్యో ఏట అడుగుపెట్టినవారికీ స్త్రీలకూ ఈ నిర్బంధం వర్తించదంటూ, స్టెలియొనా చేసినవారికి మాత్రం ఆ కనికరం లేదంది. వయసు, స్త్రీత్వం చూసి వెనక్కి తగ్గిన చట్టం ఈ ఒక్క మోసం దగ్గర తగ్గలేదంటే, తనఖా దాచడాన్ని అప్పటి సమాజం ఎంత పెద్ద ద్రోహంగా చూసిందో అర్థమవుతుంది.

ఈ పేరు రెండు దెబ్బలకు కూలింది. 1855 మార్చి 23 నాటి చట్టం స్థిరాస్తి బదిలీలను నమోదు పుస్తకాల్లో ఎక్కించడాన్ని విస్తృతం చేసింది. దాంతో కొనేవాడు అమ్మేవాడి నోటిని కాక పుస్తకాన్ని చూసుకునే వీలు పెరిగింది. 1867 జూలై 22 నాటి చట్టం సివిల్, వాణిజ్య బాకీలకు జైలు నిర్బంధాన్ని రద్దుచేసింది. స్టెలియొనాకు చట్టంలో ఉన్న పనల్లా ఆ జైలు తలుపు తెరవడమే కనుక, తలుపే లేకుండా పోయాక ఆ పేరుకు పనిలేదు. మోసం ఆగిందని కాదు, ఆ మోసాన్ని ఆ పేరుతో పిలిస్తే వచ్చే ఫలితం ఆగింది. న్యాయపదాలు చాలాసార్లు ఇలాగే కనుమరుగవుతాయి.

ఇంగ్లీషులో ఎందుకు అరుదు

ఇంగ్లండు న్యాయం రోమన్ కోడ్ మీద నిలిచినది కాదు. అక్కడ 'కోవిన్', 'చీట్', 'డిసీట్' వంటి సొంత మాటలుండగా, 1757 నాటి చట్టం అబద్ధపు మాటలు చెప్పి సొమ్ము రాబట్టడాన్ని విడిగా నేరం చేసింది. లాటిన్ బల్లికి అక్కడ చోటు దొరకలేదు. రోమన్ న్యాయ ప్రభావం బాగా ఉన్న స్కాట్లాండులో మాత్రం 'స్టెలియోనేట్' న్యాయగ్రంథాల్లోకి వచ్చింది. అక్కడ అది రెండు అర్థాల మధ్య ఊగింది: ఒకే ఆస్తిని ఇద్దరికి రాసివ్వడం అనే ఇరుకు అర్థం, ప్రత్యేకమైన పేరు లేని మోసపు నేరాలన్నీ అనే వెడల్పు అర్థం. క్రమంగా ఆ చోటును 'ఫ్రాడ్' అనే మామూలు మాటే ఆక్రమించింది. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇవాళ కనిపించే 'స్టెలియోనేట్' ప్రధానంగా ఈ స్కాట్లాండు దారిలో మిగిలినదే.

బ్రెజిల్: జాబితా నుంచి నిర్వచనానికి

బ్రెజిల్ స్వాతంత్ర్యం తర్వాత 1830లో తెచ్చుకున్న నేరస్మృతి 264వ అధికరణంలో ఎస్టెలియోనాతును పేర్కొంది. పరుల ఆస్తిని తనదిగా అమ్మడం, ఒకరికి ఇచ్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వడం వంటి పాత రోమన్ ఉదాహరణలతో మొదలుపెట్టి, చివర్లో ఎదుటివాడి సంపదను కాజేసే ఏ కపటోపాయమైనా అని తలుపు బార్లా తెరిచింది. 1940 నాటి శిక్షాస్మృతి ఆ వరుసను తిరగేసింది. 171వ అధికరణంలో ముందు సాధారణ నిర్వచనం వస్తుంది: జిత్తుతో, మాయతో, లేదా మరే కపట మార్గంతోనైనా ఒకరిని భ్రమలో పడేసి, లేదా ఉన్న భ్రమలోనే ఉంచి, అతనికి నష్టం కలిగిస్తూ అక్రమ లాభం పొందడం. శిక్ష ఒకటి నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. దాని కింద ఉపభాగాలుగా పరుల వస్తువును తనదిగా అమ్మడం, భారం ఉన్న సొంత ఆస్తిని ఆ సంగతి దాచి అమ్మడం, ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు ఇవ్వడం వంటివి ఉన్నాయి. ఉల్పియన్‌కు ముఖ్య ఉదాహరణ అయినది ఇక్కడ ఒక ఉపభాగంగా ఒదిగింది.

'ఉన్న భ్రమలోనే ఉంచి' అన్న మాట ఈ నిర్వచనంలో చాలా పని చేస్తుంది. మోసగాడు అబద్ధం చెప్పనక్కర్లేదు, ఎదుటివాడు పొరపాటు పడుతున్నాడని తెలిసి దాన్ని వాడుకుంటే చాలు. ఈ నేరాన్ని దొంగతనం నుంచి వేరుచేసే గీత కూడా స్పష్టం. దృష్టి మళ్లించి జేబులోంచి తీసుకుంటే, మాయ ఉన్నా అది దొంగతనమే. బాధితుడు మోసపోయి తన చేత్తో తానే ఇస్తే ఎస్టెలియోనాతు.

సజీవంగా ఉన్న మాట కనుక కొత్త అవసరాలకు సాగుతూ వచ్చింది. 2019 నాటి మార్పుతో చాలా కేసుల్లో బాధితుడు కోరితేనే విచారణ సాగాలన్న షరతు వచ్చింది. ప్రభుత్వం, పిల్లలు, డెబ్బై ఏళ్లు దాటినవారు వంటి బాధితుల విషయంలో మినహాయింపులిచ్చారు. 2021లో ఫోను, సామాజిక మాధ్యమాలు, నకిలీ ఈమెయిళ్ల ద్వారా రాబట్టిన సమాచారంతో చేసే మోసానికి నాలుగు నుంచి ఎనిమిదేళ్ల శిక్షతో విడి భాగం చేర్చారు. ప్రేమ నటించి డబ్బు గుంజడాన్ని 'భావాల ఎస్టెలియోనాతు' అనడం, ఎన్నికల్లో ఒకటి చెప్పి గెలిచాక మరొకటి చేయడాన్ని 'ఎన్నికల ఎస్టెలియోనాతు' అనడం అక్కడి వాడుక. రెండోది చట్టపరంగా నేరం కాదు, రాజకీయ విమర్శ మాత్రమే. పొరుగున ఉన్న అర్జెంటీనాలో ఇదే మాట ఫ్రెంచి దారిలో ఇరుకుగా నిలిచింది. అక్కడ మోసానికి సాధారణ నామం 'ఎస్తాఫా'. భారం దాచి ఆస్తి అమ్మే ఉపభాగాన్ని మాత్రమే న్యాయవేత్తలు 'ఎస్తెలియోనాతో' అంటారు.

భారత చట్టంలో పేరు లేని బంధువు

మోసపు తనఖా గురించిన ఆలోచన మన ధర్మశాస్త్రాల్లో రోమన్ల కంటే వేరుగా సాగింది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం 165వ శ్లోకం, కపటపు తనఖా, కపటపు అమ్మకం, కపటపు దానం, ప్రతిగ్రహం (దానం పుచ్చుకోవడం), ఇంకా ఎక్కడెక్కడ 'ఉపధి' కనబడితే అక్కడల్లా ఆ వ్యవహారాన్ని రద్దు చేయాలంటుంది. ఉపధి అంటే మోసం, మరుగు. న్యాయ సంస్కృతంలో తప్ప ఇప్పుడు వినబడని ఈ మాట కూడా స్టెలియోనాటుస్‌లాగే ఒక మూత లేని పాత్ర. అయితే ఈ శ్లోకం దృష్టి దోషిని శిక్షించడం మీద కంటే వ్యవహారాన్ని వెనక్కి తిప్పడం మీద ఉంది.

ఆధునిక చట్టం మెకాలే అధ్యక్షతన 1837లో తయారైన ముసాయిదా నుంచి వచ్చి, 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ భారత శిక్షాస్మృతి 415వ సెక్షన్ 'చీటింగ్'ను నిర్వచించి కింద ఉదాహరణలిచ్చింది. వాటిలో ఒకటి: వజ్రాలు కావని తెలిసిన వస్తువులను వజ్రాలుగా తాకట్టు పెట్టి అప్పు తీసుకోవడం. మరొకటి: ఒకరికి అమ్మేసిన ఆస్తిని, ఆ అమ్మకం సంగతి చెప్పకుండా ఇంకొకరికి అమ్మి లేదా తనఖా పెట్టి డబ్బు తీసుకోవడం. ఇత్తడి తాకట్టు పక్కన మొదటిదాన్ని, దాచిన భారం పక్కన రెండోదాన్ని పెట్టి చూస్తే పోలిక దానంతటదే కనబడుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్‌లోనూ ఈ ఉదాహరణలు కొనసాగుతున్నాయి. పాత 420 స్థానంలో ఉన్నది 318లోని నాలుగో ఉపసెక్షన్. శిక్ష మునుపటిలాగే ఏడేళ్ల దాకా జైలు, జరిమానా.

ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. భారత చట్టం 'పేరు కరువైన చోట' అనే తలుపును మూసింది. రాజ్యాంగం 20వ అధికరణం ప్రకారం, చేసినప్పుడు అమల్లో ఉన్న చట్టం నేరమని చెప్పని పనికి ఎవరినీ శిక్షించరాదు. ఉల్పియన్ చెప్పినట్టు పాలకుడు తన విచక్షణతో కొత్త మోసాన్ని నేరమనడానికి ఇక్కడ వీల్లేదు. ఆ సౌలభ్యం పోయినందుకు బదులుగా నిర్వచనాన్నే వెడల్పు చేయాల్సి వచ్చింది. ఈ మార్పిడి న్యాయమైనదే: మోసగాడు ఎంత జిత్తులమారి అయినా, ఏది నేరమో ముందుగా తెలుసుకునే హక్కు అందరిదీ.

వెడల్పు నిర్వచనానికీ అంచులుంటాయని 2009లో బిహార్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు తీర్పు చూపింది. ఒకరి భూమిని తనదిగా చెప్పి వేరొకరు ఇంకొకరికి విక్రయ దస్తావేజు రాసిస్తే, అసలు యజమాని తనను మోసం చేశారని ఫిర్యాదు చేయవచ్చా? కుదరదని కోర్టు చెప్పింది. అబద్ధం నమ్మి డబ్బిచ్చినవాడు కొనుగోలుదారు, కనుక మోసపోయినవాడూ అతనే. యజమానిని ఎవరూ ఏదీ నమ్మించలేదు. పైగా రాసినవాడు తన పేరుతోనే సంతకం చేశాడు, యజమానిగా నటించి అతని పేరు పెట్టలేదు, కనుక అది ఫోర్జరీ కూడా కాదు. యజమానికి సివిల్ దారులు ఉంటాయి. తన భూమిని పరాయివాడు అమ్ముకున్నాడని గుండెలు బాదుకునే మనిషికి ఈ తీర్పు వింతగా తోచవచ్చు. నేరానికి ఖచ్చితమైన ఆకారం ఉండటమంటే కొన్ని గాయాలు దాని బయట పడటమే. ఉల్పియన్ వల అయితే ఇలాంటివాణ్ని వదిలేదా అన్న ప్రశ్న న్యాయ విద్యార్థులు చర్చించుకోదగ్గది.

చిట్టాలో కనబడని తనఖా

తెలుగు రాష్ట్రాల్లో స్థలమో ఇల్లో కొనేవారు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు. ఆ ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తనఖాలు, దానాలు అందులో వరుసగా ఉంటాయి. మెటియస్ రూఫస్ ఆదేశానికీ 1855 నాటి ఫ్రెంచి చట్టానికీ ఉన్న ఉద్దేశమే ఈ కాగితానిదీ: కొనేవాడు అమ్మేవాడి నోటి మీద ఆధారపడకూడదు. అయితే ఈసీకి ఒక గుడ్డి మచ్చ ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, నోటిఫై చేసిన పట్టణాల్లో ఒరిజినల్ దస్తావేజులను అప్పిచ్చినవాడి దగ్గర ఉంచడం ద్వారానే తనఖా ఏర్పడుతుంది. అందుకు ఏ పత్రమూ రాసి రిజిస్టరు చేయనక్కర్లేదు. నమోదు కాని ఆ తనఖా ఈసీలో కనబడదు. యజమాని ఇంట్లోనే ఉంటాడు, ఈసీ శుభ్రంగా ఉంటుంది, కాగితాలు మాత్రం ఎక్కడో లాకర్‌లో ఉంటాయి. రోమన్ హైపోథెకాలో ఉన్న చీకటే ఇక్కడా ఉంది.

ఈ చీకటిని తగ్గించడానికి 2011లో 'సెర్సాయ్' అనే కేంద్ర రిజిస్ట్రీ ఏర్పడింది. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు తమ దగ్గరున్న తనఖాలను అందులో నమోదు చేస్తాయి, రుసుము చెల్లించి ఎవరైనా వెతకవచ్చు. ఒకే ఇంటి కాగితాల నకళ్లతో నాలుగు బ్యాంకుల్లో అప్పు తీసుకునే మోసాలకు అడ్డుకట్ట వేయడం దాని ప్రధాన ఉద్దేశం. కానీ ప్రైవేటు వ్యక్తి దగ్గర కాగితాలు పెట్టి చేసిన అప్పు అందులోకి రాకపోవచ్చు. అందుకే కొనుగోలు వ్యవహారాల్లో తలపండినవారు ఈసీతో పాటు ఒరిజినల్ డాక్యుమెంటునూ, వెనుకటి లింకు డాక్యుమెంట్లనూ కళ్లతో చూడనిదే అడ్వాన్సు ఇవ్వవద్దంటారు. అమ్మేవాడు జిరాక్సులు మాత్రమే చూపి ఒరిజినల్ బీరువాలో ఉందనో, పోయిందనో చెబితే అక్కడే ఆగాలి.

318 వచ్చినా 420 చప్పున పోదు. 2024 జూలై 1కి ముందు జరిగిన మోసాల మీద కేసులు పాత శిక్షాస్మృతి కిందే నడుస్తాయి కాబట్టి, కోర్టు కాగితాల్లో ఆ అంకె ఇంకా చాలా ఏళ్లు కనబడుతుంది. వీధి భాషలో అంతకంటే ఎక్కువ కాలమే ఉండవచ్చు. బ్రెజిల్‌లో మాత్రం 1940 నుంచి 171 అంకె మారలేదు, దాని పైన ఉన్న బల్లి పేరూ మారలేదు.